గురువారం రావలసిన జలుబు

వడ్రంగి కొట్టు,
సోమవారం మధ్యాహ్నం

పెద్ద టీచరమ్మకి,

నేను క్షేమం. మీ అమ్మమ్మ కూడా క్షేమమే, అందుకే నాకు మనశ్శాంతి లేదు.

ఫోన్ చెయ్యొచ్చు కదా తాతయ్యా అని నువ్వు అంటావని తెలుసు. ఫోన్లో నువ్వు చెప్పేదాంట్లో నాకు సగమే వినబడుతుంది. మిగతా సగం నేనే కల్పించుకుంటాను. పోయినసారి నువ్వు ఫోన్ పెట్టేశాక అమ్మమ్మకి చెప్పడం మొదలుపెడితే, పూర్తయ్యేసరికి నీకు రెండు ప్రమోషన్లూ ఒక ఆపరేషనూ అయిపోయాయి. కాబట్టి ఉత్తరమే రాయి. కాగితం మీద ఉన్నదాన్ని నేను ఎక్కువ పాడుచెయ్యలేను.

సరే, అసలు సంగతి. మీ బడికి మళ్లీ ఇన్‌స్పెక్షన్ వస్తోందని మీ అమ్మ చెప్పింది. గవర్నమెంటు వాళ్లు వస్తే నాకు అర్థమవుతుంది. లెక్కలు వచ్చా, చదువు వచ్చా, గోడలు పడిపోకుండా ఉన్నాయా, ఇవి చూసుకుని పోతారు. ఈ చర్చి బోర్డు వాళ్లు విడిగా ఇంకో ఇన్‌స్పెక్టర్ని పంపడం ఏమిటి? ఆ మనిషి వచ్చి ఏం కొలుస్తుంది? అరవై ఏళ్లకి పైగా చెక్కపని చేశాను, నాకు తెలిసిన కొలత టేపు ఒక్కటే. బల్ల ఊగుతోందో లేదో చెప్పగలను. బడిలో దేవుడు ఉన్నాడా, పని మీద బయటికెళ్లాడా అన్నది ఏ టేపుతో చూస్తారో కాస్త వివరంగా రాయి.

మరీ చదువుకున్న మాటలు వాడకు. నేను మూడో క్లాసు దాకా చదివాను. ఇంక నాకు నేర్పడానికి వాళ్ల దగ్గర ఏం మిగల్లేదని మానేశాను. అమ్మమ్మది ఎనిమిదో క్లాసు. ఈ ఉత్తరంలో తప్పులు దిద్దుతూ నా భుజం వెనకే నిలబడి ఉంది. ఈ వాక్యం కూడా చదివేసింది. ఇప్పుడు వెళ్లిపోయింది.

నీ తాతయ్య


స్కూలు ఆఫీసు గది,
గురువారం

తాతయ్యకి,

నీ ఉత్తరం టీచర్లు కూర్చునే గదిలో చదివాను, అది తప్పు. నవ్వు ఆపుకోలేక టీ ఒంటి మీద ఒలకబోసుకున్నాను.

ఏం కొలుస్తారని అడిగావు కదా. మా బడి గుమ్మం మీద ఒక మాట రాసి ఉంటుంది, నువ్వు చూశావు: "ఇక్కడ ప్రతి బిడ్డకీ చోటుంది." ప్రతి చర్చి బడీ ఇలాంటిదొకటి తనే ఎంచుకుని రాసుకుంటుంది. బోర్డు నుంచి వచ్చే ఇన్‌స్పెక్టరమ్మ చూసేది ఆ ఒక్క మాటే. ఆ మాట గోడకే పరిమితమా, గదుల్లోకి కూడా వచ్చిందా అని. పొద్దున ప్రార్థనలో కూర్చుంటుంది. అందులో పిల్లల వంతు ఎంత, టీచర్ల వంతు ఎంత అని చూస్తుంది. వేరే మతం పిల్లలు ఇబ్బంది పడుతున్నారా అని చూస్తుంది. తప్పు చేసిన పిల్లాడితో మేం ఎలా మాట్లాడతామో చూస్తుంది. హాజరు పట్టీ అడుగుతుంది. చివర్లో ఒక అరగంట, టీచర్లెవరూ లేకుండా, పిల్లల్ని మాత్రం కూర్చోబెట్టుకుని మాట్లాడుతుంది. ఆ అరగంటే అసలు ఇన్‌స్పెక్షన్. తర్వాత రిపోర్టు మీద రెండు ముక్కల్లో ఒకటి రాస్తుంది. "మాట మీద నిలబడింది" అని గానీ, "నిలబడలేదు" అని గానీ. మధ్యలో ఇంకో ముక్క లేదు.

పోయిన ఏడాది మాకు వచ్చింది "నిలబడలేదు." ఎందుకో నీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, నవ్వకు.

అప్పటి ఇన్‌స్పెక్టరుగారు మా హాల్లో ప్రార్థన మూల చూసి సంతోషపడ్డారు. చిన్న చాప, కొవ్వొత్తి, పిల్లలు రాసిన చీటీలు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. చివరి అరగంటలో ఒక మూడో క్లాసు పిల్లని అడిగారట, నువ్వు రోజూ అక్కడ కూర్చుంటావా అమ్మా అని. ఆ పిల్ల చెప్పింది: "అది నిన్ననే పెట్టారండి. మీరొస్తున్నారని. మొన్నటిదాకా అక్కడ చీపుళ్లుండేవి."

ఆ మాట రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించారు.

ఈసారి కూడా "నిలబడలేదు" అని వస్తే బోర్డు ఈ బడి మూసేస్తుంది. పిల్లల్ని మెయిన్ రోడ్డు అవతల ఉన్న పెద్ద బడిలో కలిపేస్తారు. మా దగ్గర ఎనభై నాలుగు మంది ఉన్నారు తాతయ్యా. వాళ్లలో సగం మంది ఆ రోడ్డు దాటి వెళ్లరు. ఇళ్లల్లో పంపరు. నా ఉద్యోగం సంగతి తర్వాత.

ఈ నెలలో ఎప్పుడైనా రావచ్చు. ఒక వారం ముందు ఫోన్ చేస్తారు, అంతే. మూడు వారాలుగా ఫోన్ మోగితే నా గుండె కూడా మోగుతోంది.

నీ మనవరాలు


వడ్రంగి కొట్టు,
సోమవారం

హెడ్డమ్మకి,

నవ్వొద్దన్నావు కాబట్టి నేను నవ్వలేదు. కొట్టు తలుపులు మూసుకుని, రంపపు పొట్టు మీద కూర్చుని, నోట్లో తువ్వాలు పెట్టుకున్నాను. అమ్మమ్మ నాకేదో అయిందనుకుని పక్కింటి కాంపౌండర్ని పిలుచుకొచ్చింది. ఆయనకి కూడా చదివి వినిపించాను. ఆయన వెళ్లేటప్పుడు బీపీ చూడ్డం మర్చిపోయాడు.

ఆ చీపుళ్ల పిల్ల ఎవరే? ఎవరి పిల్ల? ఇప్పుడు నాలుగో క్లాసుకి వచ్చి ఉండాలి. దానికి నేనొక స్టూలు చేసి పంపుతాను. మీ పాస్టరుగారి కుర్చీ కంటే ఒక అంగుళం ఎత్తుగా.

నా సలహా అడగలేదు గానీ చెబుతున్నాను. చీపుళ్లు మళ్లీ ఆ మూలే పెట్టెయ్. వాటి పక్కనే చాప వెయ్. ఊడ్చేవాళ్లూ ప్రార్థన చేసేవాళ్లూ ఒకే మూల సర్దుకుంటారు. ఇన్‌స్పెక్టరమ్మ అడిగితే మా తాతయ్య డిజైన్ అని చెప్పు.

భయపడకు. నువ్వు చిన్నప్పుడు నా ఉలి విరగ్గొట్టి, నేనే విరగ్గొట్టాను తాతయ్యా అని ముక్క చేత్తో పట్టుకొచ్చిన దానివి. అంతకంటే పెద్ద ఇన్‌స్పెక్షన్ ఏముంటుంది.

తాతయ్య


స్కూలు ఆఫీసు గది,
శనివారం

తాతయ్యకి,

నిన్న ఫోన్ వచ్చింది. వచ్చే గురువారం. కొత్త ఇన్‌స్పెక్టరమ్మ, చాలా నిక్కచ్చి మనిషి అని మిగతా బడులవాళ్లు చెబుతున్నారు. ఒకచోట అన్నం వడ్డించే ఆయాతో గంటసేపు మాట్లాడిందట. ఇంకోచోట హాజరు పట్టీలో నెల రోజులు వెనక్కి వెళ్లి, ఏ పిల్ల ఏ రోజు రాలేదు, ఎందుకు రాలేదు అని అడిగిందట.

ప్రార్థన వంతుల పట్టిక తిరగరాశాం. ఇప్పుడు నిజంగానే పిల్లలే నడుపుతున్నారు, ఏడాదిగా. ప్రార్థన మూల నిజంగానే వాడుతున్నారు. చాప ఒక పక్క చిరిగింది కూడా, ఈసారి దాన్ని మార్చవద్దని చెప్పాను. కమిటీ మినిట్స్ పుస్తకం సరిగ్గా ఉంది. రెండో క్లాసు కిటికీ గొళ్ళెం ఒకటి సరిగ్గా పడటం లేదు, నువ్వుంటే క్షణంలో అయ్యేది. అమ్మమ్మ మోకాలు ఎలా ఉంది?

ఇంకో చిన్న విషయం. ఆ చీపుళ్ల పిల్ల తల్లి మా వీధి చివర లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. నిన్న సాయంత్రం అటు వెళ్లినప్పుడు ఆవిడతో చెప్పాను, పాపకి జలుబుగా ఉన్నట్టుంది, గురువారం ఇంట్లోనే ఉంచండి అని. పాపకి జలుబు లేదు. ఆవిడకి అర్థమైంది. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, తల వంచుకుని సరేనండి అంది. అడగనైనా అడగలేదు.

ఒక్క రోజే తాతయ్యా. ఆ పిల్లకి ఏ నష్టమూ లేదు. పైగా ఇంట్లో హాయిగా ఉంటుంది. ఎనభై మూడు మంది కోసం ఒక్కరు ఒక్క రోజు.

నువ్వేమీ అనకు. జవాబు రాయకపోయినా పర్లేదు. గురువారం అయిపోయాక నేనే రాస్తాను.

నీ మనవరాలు


కొట్టు,
మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నర

అమ్మాయీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. పోస్టులో వేస్తే ఇది నీకు శుక్రవారం చేరుతుంది, అప్పటికి దండగ. అందుకని మీ ఊరికి వెళ్లే బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. ఆయన రేపు మధ్యాహ్నం డ్యూటీలో అటు వస్తాడు. అమ్మమ్మకి చూపించకుండా రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకో.

నేను బడి ఎందుకు మానేశానో నీకు చాలా రకాలుగా చెప్పాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పనిది.

నాకు తొమ్మిదేళ్లు. మాదీ చర్చి బడే. ఒక గది, ఒక మేస్టారు, నలభై మందిమి. నాకు చదవడం వచ్చు గానీ పైకి చదవమంటే ఆగిపోయేవాణ్ణి. ఒక మాట దగ్గర ఆగితే ముందుకు పోలేను, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. రెండో క్లాసులో ఇన్‌స్పెక్టరు నన్ను లేపి పుస్తకం ఇచ్చాడు. మొదటి లైను ఐదుసార్లు మొదలుపెట్టాను. క్లాసంతా నవ్వింది. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు. మేస్టారు ఒక్కడే నవ్వలేదు.

మరుసటి ఏడాది ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు పొద్దున్నే మేస్టారు నన్ను పిలిచాడు. పక్క ఊరి బడి మేస్టారికి అర్జెంటు ఉత్తరం ఉంది, ఇది పోగొట్టకుండా తీసుకెళ్లేవాడు క్లాసులో నువ్వొక్కడివే అన్నాడు. నాకు ఎంత గర్వమో చెప్పలేను. ఇన్‌స్పెక్టరు నా రాజసం చూడకుండా పోతున్నాడే అని బాధపడ్డాను కూడా. రెండు మైళ్ల నడక. కాగితం మడిచి ఉంది, అతికించి లేదు. సగం దారిలో కల్వర్టు గోడ మీద కూర్చుని విప్పాను. చదవాలని కాదు. మేస్టారి దస్తూరీ ముత్యాల్లా ఉండేది, ఒకసారి చూద్దామని.

"ఈ పిల్లవాణ్ణి సాయంత్రం దాకా అక్కడే ఉంచుకోండి. ఇన్‌స్పెక్టరుగారు వెళ్లేదాకా ఇటు పంపవద్దు."

పైకే చదివాను, ఒక్క మాట దగ్గర కూడా ఆగలేదమ్మా. నేను తడుముకోకుండా చదివిన మొదటి వాక్యాలు అవే.

ఆ తర్వాత నేను బడికి పోలేదు. పిలవడానికి ఎవరూ రాలేదు. వారం చూసి మా నాన్న ఉలి చేతికిచ్చాడు.

నువ్వు చెడ్డదానివని నేను అనడం లేదు. మా మేస్టారు కూడా చెడ్డవాడు కాదు. నేను నవ్వులపాలు కాకూడదనే పంపి ఉంటాడని ఇప్పటికీ అనుకుంటాను. ఆయనకీ నలభై మంది పిల్లలున్నారు, ఒక ఉద్యోగం ఉంది, ఒక భయం ఉంది. ఆయన కూడా ఒక్క రోజే అనుకుని ఉంటాడు.

నీ బడి మూతపడితే నాకూ నిద్ర పట్టదు. అయినా రాస్తున్నాను. నువ్వేం చెయ్యాలో చెప్పను. అది నీ బడి.

బస్సు హారన్ కొడుతోంది.

తాతయ్య


ఇల్లు,
శుక్రవారం

తాతయ్యకి,

బుధవారం మధ్యాహ్నం బస్సు మా గేటు ముందు ఆగింది. అక్కడ స్టాపు లేదు. డ్రైవరుగారు దిగి వచ్చి, నా చేతికే ఇవ్వమన్నారని నీ ఉత్తరం ఇచ్చి, సంతకం ఏమీ అక్కర్లేదు గానీ చదవమన్నారు అని చెప్పి వెళ్లారు. పుస్తకాల స్టోరు గదిలోకి వెళ్లి చదివాను. నీ గురించి నేను ఏమీ ఇక్కడ రాయను. ఎదురుగా వచ్చినప్పుడు.

బడి వదిలాక లాండ్రీకి వెళ్లాను. లోపల ఆవిరి, అద్దాలన్నీ చెమ్మ. పిల్ల మడతపెట్టిన దుప్పట్ల గుట్ట మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. నన్ను చూడగానే చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంది, తాతయ్యా. జలుబున్నట్టు. వాళ్లమ్మ చెప్పి ఉంచింది కదా.

నేను తల్లితో కాదు, పిల్లతోనే మాట్లాడాను. నీకు జలుబు లేదు, నేనే అబద్ధం చెప్పించాను, తప్పు నాది, రేపు బడికి రా అన్నాను. ఆ పిల్ల లెక్కల పుస్తకం మూసింది. తర్వాత అడిగింది, "ఆవిడ అడిగితే నేనేం చెప్పాలి టీచర్?"

"నిజం చెప్పు."

"ఏదైనా పర్లేదా?"

పర్లేదు అనడానికి నాకు ఎంతసేపు పట్టిందో వాళ్లమ్మకి తెలుసు. ఇస్త్రీ పెట్టె గాల్లోనే పట్టుకుని నిలబడింది.

గురువారం ఇన్‌స్పెక్టరమ్మ ఎనిమిదింటికే వచ్చింది. సన్నటి మనిషి, నల్ల బ్యాగు, గొంతు చాలా మెల్లగా ఉంటుంది. ప్రార్థన రెండో క్లాసు వాళ్ల వంతు. ఒకడు ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచి ఆవిడ ఏం రాస్తోందో చూశాడు. ఆవిడ వాడికి కాగితం తిప్పి చూపించింది. పదకొండున్నరకి లైబ్రరీలో ఆరుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుంది. ఆవిడే హాజరు పట్టీలోంచి ఏరుకుంది. నాలుగో పేరు ఆ పిల్లదే.

లైబ్రరీ తలుపుకి చిన్న అద్దం ఉంది. వెళ్లకూడదనుకుంటూనే రెండుసార్లు ఆ వరండాలో నడిచాను. మొదటిసారి ఎవరో అబ్బాయి మాట్లాడుతున్నాడు. రెండోసారి ఆ పిల్ల మాట్లాడుతోంది. వేళ్లు మడుస్తూ ఒక్కొక్కటే చెబుతోంది. ఇన్‌స్పెక్టరమ్మ రాయడం ఆపేసి కలానికి మూత పెట్టింది.

పన్నెండింటికి నన్ను పిలిచింది. తలుపు వేసింది. కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"ఈ వారం ఏ పిల్లనైనా ఇంట్లో ఉండిపొమ్మని చెప్పారా?"

లేదు అనొచ్చు తాతయ్యా. పట్టీలో పిల్ల హాజరు ఉంది. తల్లి నోరు విప్పదు. పిల్ల మాట మీద నా మాట. నిలబడిన చోటే నేను ఆ లెక్కంతా వేసుకున్నాను, అదీ నీకు తెలియాలి.

చెప్పాను అన్నాను. ఎందుకు చెప్పానో కూడా చెప్పాను. మళ్లీ ఎందుకు పిలిచారు అని అడిగింది. మా తాతయ్య ఉత్తరం రాశారు అన్నాను. చూడొచ్చా అంది. పర్సులోంచి తీసి ఇచ్చాను. నిన్ను అడగకుండా ఇచ్చాను, క్షమించు. చదివింది. ఒకచోట ఆగి వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. ఎక్కడో నాకు తెలుసు.

ఆవిడ చెప్పింది ఇది. తప్పుకి సాక్ష్యం ఉంది, నా మాట, పిల్ల మాట. అది రాయక తప్పదు. మీరు ఎందుకు దిద్దుకున్నారో చూపించేది ఈ ఉత్తరం ఒక్కటే. ఇది బోర్డు ముందు పెట్టాలంటే రాసినవారు ఒప్పుకోవాలి. బోర్డులో తొమ్మిది మంది ఉంటారు, అందరూ చదువుతారు. ఉత్తరం ఉంటే ఫలితం మారుతుందని నేను మాట ఇవ్వను, అని కూడా చెప్పింది.

అందుకే నీ ఉత్తరం దీంతోపాటు వెనక్కి పంపుతున్నాను. వద్దనుకుంటే చింపెయ్, నేను రెండోసారి అడగను. సరేననుకుంటే తిరిగి పంపు. పదో తారీకు లోపల చేరాలి.

నీ మనవరాలు


కొట్టు,
గురువారం

అమ్మాయీ,

కవరు తీస్తే నా ఉత్తరమే నాకు వచ్చింది. పోస్టుమ్యాన్ నన్ను చూసిన చూపు నువ్వు చూడాల్సింది. తనకు తనే ఉత్తరాలు రాసుకునే స్టేజీకి వచ్చాడు ముసలాయన అనుకున్నాడు.

రెండు రోజులు దాన్ని చిత్రిక కింద పెట్టి ఉంచాను. తొమ్మిది మంది పెద్దమనుషులు చదవడం నాకు పెద్ద బాధ కాదు. వాళ్ల మొహాలు నేను చూడను. మీ అమ్మమ్మ మొహం చూడాలి. ఆవిడకి తెలియకుండా తొమ్మిది మందికి తెలియడం న్యాయం కాదు కదా. యాభై ఏళ్లుగా ఆవిడకి చెప్పిన కథ వేరు. మేస్టారి కుర్చీకి బంక రాశానని, ఆయన లేచేసరికి కుర్చీ కూడా లేచిందని, అందుకే నన్ను బడి నుంచి గెంటేశారని. పెళ్లిచూపుల్లో కూడా అదే చెప్పాను. ఆ కథ విని నవ్వే ఒప్పుకుందని నా నమ్మకం.

నిన్న మధ్యాహ్నం ఆవిణ్ణి కొట్టుకి పిలిచి, బల్ల మీద కూర్చోబెట్టి, పైకి చదివాను. నేను రాసిందే, అయినా ఆరు చోట్ల ఆగాను. ఆ రెండు వాక్యాల దగ్గర మాత్రం ఆగలేదు.

చదవడం అయ్యాక ఆవిడ నా చొక్కా మీద రంపపు పొట్టు తనే దులిపింది. నువ్వు నమ్మవు, కానీ నిజం.

తర్వాత అడిగింది, "మరి కుర్చీకి బంక రాసిందెవరు?"

"ఎవరూ రాయలేదే."

"బాగుండేది ఆ కథ," అంది. లేచి లోపలికి వెళ్లి కళ్లద్దాలు తెచ్చుకుని ఉత్తరం తీసుకుంది. తప్పులు దిద్దుతుందనుకున్నాను. ఒక్కటి కూడా దిద్దలేదు. కవరులో పెట్టి తనే అతికించింది.

ఆ కవరే ఇది. బోర్డుకి ఇవ్వు. ఎవరికి చూపించినా సరే. ఇంక దాచడానికి ఎవరూ మిగల్లేదు.

తాతయ్య

కింద అమ్మమ్మ రాస్తున్నది: మోకాలు బాగానే ఉంది. ఈయన రెండు రోజులుగా జోకులు వెయ్యడం లేదు, ఇల్లు బావురుమంటోంది. త్వరగా ఏదో ఒక కబురు రాయి.


నాలుగో క్లాసు గది,
బుధవారం

తాతయ్యకి, అమ్మమ్మకి,

పైన రాసిన గది పేరు చూసి ఉంటారు. వరసగా చెబుతాను.

రిపోర్టు వచ్చింది. పన్నెండు పేజీలు. గుమ్మం మీద మాట గురించి ఇలా రాశారు: ఈ బడి ఒక బిడ్డని బయట పెట్టింది, తనంతట తనే వెళ్లి వెనక్కి తెచ్చుకుంది, ఆ బిడ్డ ఏం చెబుతుందో తెలిసి కూడా తెచ్చుకుంది. దాని కింద గీత, గీత కింద తీర్పు. "మాట మీద నిలబడింది."

బడి ఉంటుంది. ఎనభై నాలుగు మందీ ఇక్కడే ఉంటారు.

రెండో కాగితం బోర్డుది. పిల్లని ఇంట్లో ఉంచమని చెప్పడం హెడ్‌మిస్ట్రెస్ చెయ్యకూడని పని, కాబట్టి నన్ను ఆ పదవిలోంచి తప్పించి క్లాసు టీచరుగా ఉంచుతున్నారు. వచ్చే నెల వేరేచోటి నుంచి కొత్త హెడ్డు వస్తారు. నీ ఉత్తరం గురించి ఆ తొమ్మిది మందిలో ఒకాయన మాత్రం అడిగారట, ఆ వడ్రంగి ఇంకా ఉన్నాడా అని. ఉన్నాడని ఇన్‌స్పెక్టరమ్మ చెప్పిందట.

మొదటి రోజు ఏడుపొచ్చింది. ఆఫీసు గదిలోంచి నా సామాను మోసుకెళ్తుంటే టీచర్లు వరండాలో గోడకి ఆనుకుని దారి ఇచ్చారు, అది కష్టంగా అనిపించింది. కానీ నీ ఉత్తరం రాకపోయి ఉంటే బాగుండేదని ఒక్కసారి కూడా అనుకోలేదు. నువ్వు అలా అనుకుంటూ కూర్చుంటావని నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను.

ఇప్పుడు ఆ పిల్ల నా క్లాసు. మొదటి వరస. నిన్న క్లాసులో నీ ఉత్తరం చదివాను, ఎవరికి చూపించినా సరే అన్నావు కదా. కొందరు ఆ ఇన్‌స్పెక్టరు మీద కోప్పడ్డారు. ఒకడు కల్వర్టు అంటే ఏంటని అడిగాడు. ఆ పిల్ల మాత్రం చెయ్యెత్తి ఒకటే అడిగింది. నాకు జవాబు తెలియదు, తాతగారిని అడిగి చెబుతానన్నాను.

"తాతగారు ఆ ఉత్తరం పక్క ఊరి మేస్టారికి ఇచ్చేశారా టీచర్?"

రేపు మళ్లీ అడుగుతుంది. వదలదు.

నీ మనవరాలు


కొట్టు,
శనివారం

నాలుగో క్లాసు టీచరమ్మకి,

పదవి పోయినందుకు అభినందనలు. ఇంక నీ వెనకాల ఎవరూ గుడ్ మార్నింగులు మోసుకుంటూ తిరగరు. మీ అమ్మమ్మ రెండో కాగితం చదివి బోర్డు వాళ్లని ఒక్కొక్కరినీ వరసపెట్టి తిట్టింది. ఎనిమిదో క్లాసు చదువు ఎక్కడికీ పోలేదు, ఒక్క తిట్టు కూడా రెండోసారి వాడలేదు. తొమ్మిదో ఆయన దగ్గరికి వచ్చేసరికి, వడ్రంగి ఉన్నాడా అని అడిగింది ఈయనేనేమో అని వదిలేసింది.

నువ్వు పంపిన రిపోర్టు కాపీ నాలుగు రోజులు చదివాను. వేలు పెట్టుకుని. పన్నెండు పేజీల్లో నీ పేరు ఎక్కడా లేదు, పిల్ల పేరూ లేదు. బడి వెళ్లింది, బడి తెచ్చుకుంది అని రాశారు. బడికి కాళ్లుంటాయా? లాండ్రీకి నడిచి వెళ్లింది నువ్వు. అది వాళ్లు రాయలేదు గానీ నేను పెన్సిలుతో పక్కన రాసుకున్నాను.

నీ పదవి నా ఉత్తరం తినేసిందని మూడు రోజులు కొట్టు తెరవలేదు. నువ్వు అలా అనుకోలేదని రాశావు. సరే, నమ్ముతాను. నాలుగో రోజు తెరిచాను.

ఇంక ఆ పిల్ల అడిగింది. ఇంతమంది చదివారు, ఇన్‌స్పెక్టరమ్మ రెండుసార్లు చదివింది, అమ్మమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. ఎవరికీ తట్టలేదు. నేను రాయకుండా వదిలిన చోటే వేలు పెట్టింది.

దానికి చెప్పు.

ఇచ్చేశానమ్మా. కల్వర్టు మీద నుంచి లేచి, ఎక్కడ మడత ఉందో అక్కడే మళ్లీ మడిచి, మిగతా మైలు నడిచి వెళ్లి ఆ మేస్టారి చేతికి ఇచ్చాను. ఆయన చదివి, నా వైపు చూడకుండా, ఆ మెట్ల మీద కూర్చో అన్నాడు. కూర్చున్నాను. లోపల వాళ్ల పిల్లలు పాఠం చదువుతున్నారు. నాకు వచ్చిన పాఠమే. మధ్యాహ్నం ఎవరో మంచినీళ్లు ఇచ్చారు. ఇంటికి పోవచ్చని ఎవరైనా చెప్పేదాకా పోకూడదేమో అనుకున్నాను. సాయంత్రం ఆయన తలుపుకి తాళం వేస్తూ, ఇంకా ఇక్కడే ఉన్నావా అన్నాడు.

తాతయ్య